ఊరికే ఇచ్చిన కుక్కపిల్ల ఖరీదెంత?

(2025 డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను అనేది దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు హక్కుగా రావలసినదని తీర్పు చెప్పింది. ఏటా ఈ వేదిక మీద ఆ మాట తలచుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు ఆ కుక్కల సంగతి మాట్లాడండి" అన్నారు. "పెన్షనర్ల సభలో కుక్కల గొడవ ఎందుకండీ?" అన్నాను. "మీరు లెక్క రాసిన నోటుపుస్తకం తీసుకురండి, చాలు. లెక్కలంటే మనవాళ్ళు వింటారు" అన్నారు. తీసుకొచ్చాను. ఇదిగో.

నాకిప్పుడు 74 ఏళ్ళు. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 36 ఏళ్ళు ట్రెజరీలో బిల్లులు పాస్ చేసి, అంతకంటే ఎక్కువగా ఆబ్జెక్షన్లు రాసి, 2009లో రిటైరయ్యాను. ట్రెజరీతో పనిపడని వారికోసం ఒక్క విషయం చెప్పాలి. అత్యవసరమైన పని పడినప్పుడు ఖర్చుల వివరం ఇవ్వకుండానే ముందుగా డబ్బు డ్రా చేసే బిల్లును ఎ.సి. బిల్లు అనేవాళ్ళం. ఆ తరువాత గడువులోగా వోచర్లు జతచేసి డి.సి. బిల్లు పంపాలి. నా సర్వీసులో ఎ.సి. బిల్లు పెట్టడం మర్చిపోయిన అధికారిని నేను చూడలేదు. డి.సి. బిల్లు మర్చిపోయిన వారిని మాత్రం లెక్కలేనంతమందిని చూశాను.

రోడ్డు పక్క వణుకుతున్న కుక్కపిల్ల మీద జాలిపడి ఇంటికి తేవడం ఎ.సి. బిల్లు. దాని డి.సి. బిల్లు ఎవరు పెడతారు? ఇవాళ నేను చెప్పబోయేది అంతే.

2019 ఆగస్టు. రెండు రోజులుగా ఒకటే ముసురు. మా మనవరాలు అప్పుడు తొమ్మిదో తరగతి. స్కూలు నుంచి వస్తూ కాలువగట్టు మీద ఒక అట్టపెట్టె చూసింది. అందులో మూడు కుక్కపిల్లలు. ఒక మగది, రెండు ఆడవి. నెల దాటి ఓ వారం వయసుంటుంది. పెట్టెతో సహా ఎత్తుకొచ్చి వసారాలో పెట్టింది.

"తాతయ్యా, వారం రోజులు. ఎవరికైనా ఇచ్చేద్దాం" అంది.

"సరేలే, ఎంతవుతుంది? అర లీటరు పాలు" అన్నాను.

మా ఇంటావిడ మాత్రం పెట్టెలోకి చూసి, "వారం అంటున్నారా? రాసిపెట్టుకోండి" అంది. ఆవిడ ఏ ఉద్దేశంతో అన్నదో గానీ నేను నిజంగానే రాసిపెట్టుకున్నాను. వంద పేజీల నోటుపుస్తకం తీసి తేదీ వేసి, ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు గీతలు గీశాను. జమవైపు ఈనాటికీ పెద్దగా ఏమీ లేదు.

ఆరో రోజున ఒక ఆడపిల్ల పాలు ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు, రాత్రికి నెత్తురు విరేచనాలు. పొద్దున్నే ఆటోలో డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాం. ఆవిడ చిన్నవయసు అమ్మాయి. చూడగానే "పార్వో బాబాయిగారూ" అంది. ఈ వైరస్‌ను చంపే మందంటూ లేదట. నీరు పోకుండా సెలైన్ ఎక్కించాలి, వాంతులు ఆపాలి, వేరే సూక్ష్మక్రిములు సోకకుండా ఇంజెక్షన్లు చేయాలి, బతికే శక్తి పిల్లకు ఉండాలి. ఒకదానికి వస్తే మిగతావాటికీ వస్తుందంది. వచ్చింది. ఆరు రోజులపాటు పొద్దున, సాయంత్రం సెలైన్. మొదట జబ్బుపడిన పిల్ల మూడో రోజు తెల్లవారుజామున మా ఇంటావిడ ఒళ్ళో పోయింది. మిగతా రెండూ బతికాయి.

ఈ జబ్బు ఖర్చు మూడింటికీ కలిపి 7,800 రూపాయలు. చనిపోయిన పిల్ల తాగిన పాలు కూడా అందులోనే వేశాను. అప్పుడు నాకొక సందేహం వచ్చింది. పోయిన పిల్ల ఖర్చు ఏ ఖాతాలో రాయాలి? మనం ఆఫీసులో అయితే 'రైట్ ఆఫ్' అని ఒక ప్రొసీడింగ్స్ తీసుకుంటాం. ఇంట్లో ఆ ప్రొసీడింగ్స్ ఇచ్చేవారెవరు? చేరదీసిన ప్రతి ప్రాణీ బతకదు. బతకనివాటి ఖర్చు బతికినవాటి మీదే పడుతుంది. కుక్కపిల్లను దత్తతకు తీసుకునేవారికి ఎదురుగా ఉన్న ఒక్క పిల్లే కనిపిస్తుంది. దాని వెనుక పోయిన తోబుట్టువు కనిపించదు.

ఇక ఏ జబ్బూ లేకుండా ఒక పిల్లను 75 రోజులు సాకి, వేరొకరి గడప తొక్కించడానికి నాకు అయిన ఖర్చు చదువుతాను. ఇవి 2019 నాటి మా ఊరి ధరలు. ఇప్పుడు పెరిగాయి.

నట్టల మందు, నాలుగుసార్లు – 160
పిడుదుల మందు – 350
మల్టీ వ్యాక్సిన్ రెండు డోసులు, ఒక్కొక్కటి 650 చొప్పున – 1,300
రేబిస్ టీకా రెండు డోసులు, 250 చొప్పున – 500
తిండి, రోజుకు 32 చొప్పున 75 రోజులకు – 2,400
డాక్టరు ఫీజు, నాలుగుసార్లు 150 చొప్పున – 600
ఆటో రానుపోను, నాలుగుసార్లు 120 చొప్పున – 480
బ్లీచింగు, ఫినాయిలు, గిన్నె, పట్టీ – 410
మొత్తం – 6,200 రూపాయలు.

బ్లీచింగు ఎందుకని అడగవచ్చు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. సబ్బుకూ ఫినాయిలుకూ తేలిగ్గా లొంగదు, బ్లీచింగుకు లొంగుతుంది. మా పెరడంతా నాలుగుసార్లు కడిగించాం. అయినా డాక్టరుగారు, "చాలా కాలం టీకాలు పూర్తికాని పిల్లలను ఇక్కడికి తేకండి" అని గట్టిగా చెప్పింది.

అంటే రెండు పిల్లలకు 12,400, జబ్బు ఖర్చు 7,800, మొత్తం 20,200. ఇంటికి పంపింది రెండింటిని. తలకు 10,100. ఆ రెండింటినీ 'ఊరికే' ఇచ్చాను.

ఈ లెక్కలో లేనివి కూడా ఉన్నాయి. ఒకరోజు రాత్రి నేను కూడికలు వేసుకుంటుంటే మా ఇంటావిడ వచ్చి, "ఏమండీ, నా నడుం నొప్పి ఏ హెడ్ కింద వేశారు?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. రోజుకు అయిదారుసార్లు గోనెపట్టాలు ఉతికింది ఆవిడ. అర్ధరాత్రి లేచి చెమ్చాతో నీళ్ళు పట్టింది ఆవిడ. పక్కింటివారు అరుపులకు నిద్ర లేదని తగాదాకు వస్తే కాఫీ ఇచ్చి పంపిందీ ఆవిడే. నేను రాసింది చెల్లించిన డబ్బు మాత్రమే. ఎక్కడ చూసినా ఈ సేవ చేసేవారి కష్టంలో సగం, ముఖ్యంగా ఆడవాళ్ళ కష్టం, ఏ వోచరులోకీ ఎక్కదు.

సోదరులారా, ఇప్పటిదాకా చెప్పింది నా మంచితనం. ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఇది చెప్పకపోతే పై లెక్కంతా దొంగలెక్క అవుతుంది.

మగపిల్లను తెలిసిన రైతు ఒకాయన పట్టుకెళ్ళాడు. అది ఈనాటికీ పొలం దగ్గర సుఖంగా ఉంది. ఆడపిల్లను ఎవరూ అడగలేదు. "ఆడదా? వద్దండీ, పిల్లల్ని పెడుతుంది" అనేవారు. దాని పేరు రాణి. అక్టోబరు నెలాఖరున ఎరువుల గోడౌను నడిపే ఒకాయన వచ్చి కాపలాకు కావాలన్నాడు. డాక్టరుగారు నాకు అప్పటికే చెప్పింది: "బాబాయిగారూ, ఆరో నెల వచ్చేదాకా ఉంచి, ఆపరేషను చేయించి ఇవ్వండి. 4,500 అవుతుంది." నేను లెక్క చూసుకున్నాను. అప్పటికే ఇరవై వేలు దాటింది. ఇంకో రెండు నెలల తిండి, పైన 4,500. "ఆపరేషను మీరు చేయించుకోండి" అని ఆయనకు చెప్పాను. "తప్పకుండా గురువుగారూ" అన్నాడు. పట్టీ కట్టి పంపించాను. ఆ రోజు పుస్తకంలో కింద గీత గీసి 'క్లోజ్డ్' అని రాశాను. ఆదా 4,500 అని మనసులో అనుకున్నాను కూడా.

తరువాత ఒక్కసారైనా వెళ్ళి చూడలేదు. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్ వచ్చింది. మన వయసువాళ్ళం గుమ్మం దాటలేదు. గోడౌను మూతపడింది, పనివాళ్ళు ఊళ్ళకు పోయారు. రాణిని గేటు బయట వదిలేశారు.

2021 సంక్రాంతికి ముందు, బియ్యం కోసం ఆ వీధికి వెళ్ళాను. లారీల మధ్య నుంచి ఎముకలు తేలిన కుక్క ఒకటి వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకుంది. చెవుల నిండా పిడుదులు. మెడకు నేను కట్టిన ఎర్ర పట్టీ అలాగే ఉంది. అది చిన్నప్పటి పట్టీ. మెడలోకి దిగబడింది. వెనుక, బస్తాల చాటున అయిదు పిల్లలు. వాటిలో ఒకటి నేను ఆటో తీసుకొచ్చేలోపు లారీ కింద పడింది.

పిల్లలను ఎత్తబోతే రాణి నా చెయ్యి కరిచింది. దాన్ని తప్పుపట్టను. తల్లి కదా. వెంటనే పావుగంట సేపు సబ్బుతో కడుక్కుని, ప్రభుత్వాసుపత్రిలో నాలుగుసార్లు టీకా వేయించుకున్నాను. అది ఉచితమే. కానీ మిత్రులారా, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక వైద్యం లేదు. టీకాలు వేసిన కుక్కే కదా అని ఊరుకోకండి. ఒక్క డోసూ మానకండి.

నోటుపుస్తకం మళ్ళీ తెరిచాను. రాణికి పిడుదుల వల్ల వచ్చే జ్వరం. రక్తపరీక్షలు, నాలుగు వారాల మాత్రలు, మెడ గాయానికి కట్లు కలిపి 2,300. ఆపరేషను అదే 4,500. నాలుగు పిల్లలకు పాత రేటు ప్రకారమే వేసినా 24,800. మొత్తం 31,600 రూపాయలు. ఆనాడు 4,500 మిగిల్చాననుకున్నవాణ్ణి, ఆ 4,500 ఎలాగూ కట్టి, పైన ఇంకో 27,100 కట్టాను. లారీ కింద పోయిన పిల్లకు రేటు వేయడం నాకు చేతకాలేదు.

36 ఏళ్ళు ఇతరుల బిల్లుల మీద ఆబ్జెక్షన్ రాశాను. ఆ రోజు నా మీద నేను రాసుకున్నాను: "పని పూర్తికాకుండానే ఖాతా మూసివేయడమైనది. బాధ్యుడు: ఈ గుమస్తా."

ఆ నాలుగు పిల్లల్లో మూడింటికి ఇళ్ళు దొరికాయి. నాలుగోది నల్లగా ఉంటుంది. పుట్టుకతోనే వెనుక కాలు వంకర. చూడవచ్చినవారంతా చూసి వెళ్ళిపోయారు. వాడికి నల్లోడని పేరు పెట్టాం. వాడు, రాణి మా ఇంట్లోనే ఉండిపోయారు. ఇద్దరికీ తిండి, మందులు నెలకు 2,700. ఏడాది టీకాలు 1,800. సంవత్సరానికి 34,200 రూపాయలు. ఇంత ఖర్చు చేసే స్తోమత అందరికీ ఉండదని నాకు తెలుసు. అందుకే ఈ అంకెలు దాచకుండా చెబుతున్నాను.

చట్టం ఏమంటుందని కొందరు అడుగుతారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం నేరమే. మొదటిసారికి జరిమానా 10 రూపాయలకు తక్కువ కాకుండా, 50 రూపాయలకు మించకుండా. ఆటో ఛార్జీ కూడా రాదు. వీధికుక్కల ఆపరేషన్లు, టీకాల బాధ్యత స్థానిక సంస్థలదని 2023 నాటి నియమాలు చెబుతున్నాయి. పెంపుడు కుక్క బాధ్యత యజమానిదే. ఈ ఏడాది ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కల వ్యవహారంలో ఇచ్చిన ఉత్తర్వులో, దత్తత తీసుకోదలచినవారు దరఖాస్తు చేసుకోవచ్చనీ, అలా తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూడవలసిన బాధ్యత వారిదేననీ చెప్పింది. ఆ రెండో మాటను మనవాళ్ళు పెద్దక్షరాలతో రాసుకోవాలి.

హైదరాబాదులో 1992లో బ్లూ క్రాస్, విశాఖపట్నంలో 1996లో వి.ఎస్.పి.సి.ఎ. ఏర్పడ్డాయి. అలాంటి సంస్థలు ఉన్నాయి కదా, వాళ్ళు చూసుకుంటారులే అనుకుంటాం. అట్టపెట్టె దొరికిన రోజు రాత్రి దాన్ని చూసుకోవలసింది ఎత్తుకొచ్చినవాడే. చిన్న ఊళ్ళలో మరీను. ఏ సంస్థకైనా ఖర్చు ఇవే పద్దుల కింద అవుతుంది. వాళ్ళకైనా ఎవరో ఒకరు ఇవ్వాలి కదా.

ఇప్పుడు మా వీధిలో అయిదు కుటుంబాల వాళ్ళం కలిసి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఒకటి, టీకాలు పూర్తికాకుండా పిల్లను ఇవ్వం. రెండు, తీసుకునేవారి ఇల్లు ఒకసారి చూస్తాం. ఇచ్చిన నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి మళ్ళీ వెళ్ళి చూస్తాం. మూడు, ఆపరేషను వయసు రాని పిల్లను ఇస్తే 2,000 రూపాయలు డిపాజిట్ తీసుకుని రసీదు ఇస్తాం. ఆపరేషను చేయించి డాక్టరు కాగితం చూపిస్తే డిపాజిట్ వాపసు. దీనికి "కుక్కల వ్యాపారం మొదలెట్టారు" అన్నవారున్నారు. జాతికుక్కకు పదిహేను వేలు బేరమాడకుండా ఇచ్చిన పెద్దమనిషే నాతో ఆ మాటన్నాడు. నేను ఈ పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. చదివి, ఏమీ అనకుండా డిపాజిట్ కట్టాడు. ఆరు నెలలకు వచ్చి, "ఆ డబ్బు మీ దగ్గరే ఉంచండి, ఇంకో పిల్లకు టీకా వేయించండి" అన్నాడు. నా జమ వైపు ఉన్న కొద్ది పద్దుల్లో అదొకటి.

చివరగా మన వయసు గురించి ఒక్కమాట. పిల్లలు దూరాన ఉండి, ఇల్లు బోసిపోయి, మనలో చాలామందికి ఒక కుక్కపిల్ల ఉంటే బాగుండునని ఉంటుంది. తప్పులేదు. కానీ కుక్క ఆయుష్షు పది నుంచి పద్నాలుగేళ్ళు. 74 ఏళ్ళ నేను ఇవాళ పిల్లను తెచ్చుకుంటే, నేను పోయాక దాని గతేమిటి? పైగా కుర్రకుక్క గొలుసు లాగిందంటే మనం పడతాం. ఈ వయసులో తుంటి విరిగితే ఆ ఖర్చు ఏ కుక్క ఖర్చూ కాదు. కాబట్టి తెచ్చుకునేవారు నాలుగైదేళ్ళు నిండిన, నెమ్మదైన కుక్కను తెచ్చుకోండి. అలాంటివాటినే ఎవరూ అడగరు. అదీ వద్దనుకుంటే, ఎవరైనా చేరదీసిన పిల్లను ఇల్లు దొరికేదాకా నెలా రెండు నెలలు మీ వసారాలో ఉంచండి. అదీ కుదరకపోతే ఒక పిల్ల టీకాల ఖర్చు భరించండి. ఏమీ కుదరకపోతే, ఎవరైనా ఎత్తుకొచ్చినప్పుడు "పాపం" అని ఊరుకోకుండా, "ఆపరేషను చేయించారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. నన్ను ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

పెన్షనుకు నామినేషన్ రాస్తాం. కుక్కకూ రాయాలి. నేను రాశాను. మా మనవరాలు ఇప్పుడు విశాఖపట్నంలో చదువుకుంటోంది. రాణి, నల్లోడు నా తరువాత తన బాధ్యతని కాగితం మీద సంతకం చేసి ఇచ్చింది. "తాతయ్యా, ఆ పెట్టె తెచ్చింది నేనేగా" అంది. ఆ కాగితం నా పి.పి.ఓ. పక్కనే భద్రంగా ఉంది.

మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథ మనందరికీ తెలుసు. స్వర్గద్వారం దగ్గర దాన్ని వదిలి రమ్మంటే ఆయన ఒప్పుకోలేదు. వెంట వచ్చినదాన్ని చిట్టచివర వదలకపోవడమే ఆయన ధర్మం. నేను గోడౌను గేటు దగ్గరే వదిలేశాను. మీరు అలా చేయకండి.

పన్నెండున్నర దాటింది. భోజనాలు సిద్ధమయ్యాయని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. మా ఇంట్లో కూడా రెండు ప్రాణులు గేటు వైపు చూస్తుంటాయి. నా పుస్తకం చూడాలనుకునేవారు ఎప్పుడైనా మా ఇంటికి రావచ్చు. ఆడిట్‌కు సిద్ధంగా ఉన్నాను.